స్తనకణములందలి ఎంజైములు – రాచపుండు

మనము భుజించు పప్పులోని మాంసకృత్తులు పెప్సిను, ట్రిప్సిను అను ఎంజైములచే జీర్ణమగునని పిల్లలు పాఠశాలలో చదువుచున్నారు. అట్టి ఎంజైములు కడుపునందే గాక దేహములోని ఇతర కణములందును, స్తనకణములందును గలవు. పాఠశాల సంచికలో స్తనమును గూర్చి వ్రాయుట తగునా యని కొందఱు తల్లిదండ్రులు సందేహింపవచ్చును. ఆ సంకోచము వలననే మన యిండ్లలో ఈ వ్యాధి ఆలస్యముగా బయటపడుచున్నదని మా తలంపు.

1955వ సంవత్సరమున బెల్జియము శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ ద దువ్ కణములోపలి లైసోసోములను వర్ణించెను. ఇవి చిన్న సంచులవంటివి. కాథెప్సిన్-డి మొదలగు ఎంజైములు వీనిలో నుండి, పాతబడిన మాంసకృత్తులను కరిగించుచుండును. 1962లో అమెరికాయందు జెరోం గ్రాస్, చార్లెస్ లాపియేర్ అనువారు తోకకప్ప తోకను పరిశీలించి కొలాజెనేసు అను ఎంజైమును కనుగొనిరి. వానలు పడిన పిమ్మట మన కోలారు చెరువులలో తోకకప్పలను చూడని బాలుడుండడు. ఆ తోక తెగి రాలిపోదు. క్రమముగా కరగి దేహములోనే కలిసిపోవును. బిడ్డ పాలు మానిన పిదప తల్లి స్తనములోని పాలగ్రంథులు కుంచించుకొనిపోవుటకును ఈ జాతి ఎంజైములే తోడ్పడును. కనుక ఇవి మనకు శత్రువులు కావు.

మన బంగారు గనులు 2001లో మూతపడువఱకు మందుగుండును తాళము వేసిన కొట్టులందుంచి, రాతిని పేల్చువేళకు మాత్రమే బయటకు తెచ్చెడివారు. ఆరోగ్యముగా నున్న కణమునందును ఇట్టి కట్టుబాటే కలదు. పెక్కు ఎంజైములు మొదట నిద్రాణరూపమున తయారగును. వానిని అడ్డగించు మాంసకృత్తులు వేఱుగా నుండును. రాచపుండు కణమునందు మందుగుండు అదియే, తాళము మాత్రము లేదు. కాథెప్సిన్-డి అధికముగా తయారై కణము వెలుపలికి స్రవించును. అంతేకాదు, 1990లో ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బూర్ శాస్త్రజ్ఞులు స్తనపు రాచపుండులో స్ట్రోమెలైసిన్-3 అను మఱియొక ఎంజైమును కనుగొనిరి. దానిని తయారుచేయునవి చుట్టునున్న కణములు! దొంగకు పొరుగువాడే గునపమందించినట్లున్నది.

పాలనాళముల చుట్టును ఒక పలుచని పొర గోడవలె నుండును. ఆ గోడ లోపల నున్నంతకాలము రాచపుండు కణములు ఇతర అవయవములకు పోజాలవు. అప్పుడు కనిపెట్టినచో నయమగు అవకాశము మిక్కిలి ఎక్కువ. ఎంజైములు గోడను కరిగించిన పిమ్మట అవి శోషరసమునందును రక్తమునందును ప్రవేశింపగలవు. ఈ ఎంజైములను అణచు మాత్రలను 1990 దశకమున రోగులపై పరీక్షించిరి. కీళ్లనొప్పులు కలిగినవే గాని ఆశించిన మేలు కలుగలేదు. ఆరోగ్యమునకు కావలసిన పనులును ఆ ఎంజైములవే గదా!

స్తనమునందు గడ్డ తగిలినచో అది చాలమార్లు రాచపుండు కాదు. కాని రాచపుండు గడ్డ తొలిదినములలో సాధారణముగా నొప్పి పెట్టదు. “నొప్పి లేదు గదా, పండుగ కానిమ్ము” అని మన గృహిణులు దాచుకొనుచున్నారు. గడ్డ యేదియో తేల్చవలసినది వైద్యుడు. బెంగుళూరులో కిద్వాయి స్మారక సంస్థ కలదు, మారికుప్పమునుండి ఆ నగరమునకు రైలును కలదు.