ముందు ప్రధాన్‌ని అడుగు

చిరంజీవి మనవడికి,

మన సగ కథ ఫోన్‌లో వెతికితే ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉందని, ఏది నిజమో చెప్పమని రాశావు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. అయినా ఆ కథ చెప్పే హక్కు నాది కాదు నాయనా, మన ఇంటి ప్రధాన్‌ది.

మన గోండుల్లో ఏడ్వేన్, సార్వేన్, సీవేన్, నాల్వేన్ అని నాలుగు సగలు, అంటే వంశాల గుంపులు. ఒకే సగలో పిల్లనివ్వరు, తెచ్చుకోరు. కాబట్టి ఎవరు అన్నదమ్ములో, ఎవరు వియ్యాలవారో తేల్చేది ఆ కథే. ఒక్కో వంశానికి తరతరాలుగా ఒక ప్రధాన్ కుటుంబం ఉంటుంది. వంశ దేవత పెర్సాపేన్ కొలుపులో కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ ఆ కథ పాడేది వాళ్లే.

సెలవులకు రాగానే వాళ్లింటికి వెళ్లు. ఉత్త చేతులతో వెళ్లకు, మన చేని గింజలు పట్టుకెళ్లు. ఫలానా ఇంటి పిల్లవాణ్ణని చెప్పుకో. అడగకుండా ఫోన్ తీయకు. కొలుపులోనే పాడాల్సినదని అంటే, కొలుపు దాకా ఆగు.

పుస్తకాలూ చదువు. 1940లో జోడేఘాట్‌లో నిజాంతో పోరాడుతూ కొమురం భీం నేలకొరిగాక, మన బతుకు చూడటానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పుస్తకం వేశాడు. ఆయనా ప్రధాన్‌ల పాట వినే రాశాడు. అచ్చయినంత మాత్రాన అది పాటకు పైది కాదు. ఇక గుంజాల ఊళ్లో ప్రధాన్‌లు మన లిపిలో రాసుకున్న పాత ప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. నీ ఫోన్‌లోనే గోండి రాయొచ్చు, నేర్చుకో.

నాదొక తప్పు చెబుతాను. మన పాత ప్రధాన్‌ను వేసవి సెలవుల్లో కూర్చోబెట్టి అడుగుదామని ఏడాదికేడాది వాయిదా వేశాను. ఒక వేసవికి ఆయన లేడు. కొడుకు కూలికి పోతున్నాడు, కిక్రి గోడకు వేలాడుతోంది. ఆ కొడుకుకు ఇంకా సగం కథ వచ్చు. అడిగేవాళ్లుంటేనే పాడేవాడుంటాడు.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు రా. పెద్దలందరూ అక్కడే దొరుకుతారు. హైమన్‌డార్ఫ్ పుస్తకంలో మన సగ గురించి ఉన్న పేజీల నకలు తీసుకురా. ఆ కొడుకు ముందు కూర్చుని గోండిలోకి మార్చి వినిపించు. ఏది నిలుస్తుందో, ఏది దిద్దాలో అతను చెబుతాడు.

ఇట్లు,
మీ తాత