పేరు పెట్టకుండా చెబుదాం

‘పేరు పెట్టడం’ అంటే మన భాషలో తప్పుపట్టడం కూడా. బిడ్డకు ఆటిజమేమో అని ఎవరైనా అంటే తల్లికి ఆ అర్థమే తగులుతుంది.

సూలూరులో మనకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మాట ఆలస్యమైతే “రెండు భాషలు కదా, వస్తుందిలే” అనేస్తాం. రెండు భాషల వల్ల ఆటిజం రాదు. పైగా ఏడాదిన్నర బిడ్డ పిలిస్తే తిరిగి చూడటానికి, కావలసింది వేలితో చూపడానికి ఏ భాషా అక్కర్లేదు.

అందుకే చూసింది మాత్రమే, నలుగురిలో కాకుండా చెప్పాలి: “అక్కా, పాప మూడుసార్లు పిలిచినా తిరగలేదు. చెవి పరీక్ష చేయించి, పిల్లల డాక్టరుకి చూపిద్దామా? నేనూ తోడొస్తా.”

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజమూ ఉంది. డాక్టరు పెట్టే పేరుతో బిడ్డకు సాయం అందుతుంది. మనం పెట్టే పేరుతో తల్లి తలుపేసుకుంటుంది.