బాణీ మారితే బ్యాండు చెడినట్టా?

ప్రశ్న: మా కాలేజీ బ్యాండ్ మొదట్నుంచీ రమోన్స్, గ్రీన్ డే పాటలు వాయిస్తా ఉంది. ఇప్పుడు గిటారిస్టు రెగే కలుపుదామంటాడు. డ్రమ్మరేమో ‘అట్లయితే అది పంకే కాదు’ అని అలిగినాడు. ఎవరి మాట నిజం?
– ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: గిటారిస్టు మాటే నిజం. 1976 చివర్లో లండన్‌లో రాక్సీ క్లబ్ తెరిచినప్పుడు అక్కడ రికార్డులు వేసే పని డాన్ లెట్స్‌ది. వేద్దామంటే పంక్ రికార్డులు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అందుకని జమైకా రెగే రికార్డులు వేశాడు. పంక్ వినడానికొచ్చిన కుర్రాళ్లు బ్యాండ్‌కీ బ్యాండ్‌కీ మధ్య విన్నది రెగేనే.

క్లాష్ బ్యాండ్‌ది ఆ ఊరే. 1977లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌లో జమైకా గాయకుడు జూనియర్ మర్విన్ పాట ‘పోలీస్ అండ్ థీవ్స్’ ఉంది. మిగతావి చాలావరకు రెండు మూడు నిమిషాల్లో ముగిస్తే ఇది ఆరు నిమిషాలు సాగుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని గిటార్లు మాత్రమే వినండి. ఒకటి దెబ్బ మీద పడుతుంది, రెండోది దెబ్బ విడిచి పడుతుంది. మొదటిది పంక్, రెండోది రెగే. రెండేళ్లకు, 1979 డిసెంబరులో ‘లండన్ కాలింగ్’ వచ్చేసరికి రాకబిల్లీ, స్కా కూడా వచ్చి చేరాయి. వాషింగ్టన్ నల్లజాతి కుర్రాళ్ల బ్యాడ్ బ్రెయిన్స్ అయితే జాజ్ ఫ్యూజన్‌తో మొదలై, మెరుపు వేగపు హార్డ్‌కోర్ పంక్ పట్టుకుని, మధ్య మధ్యలో రెగే వాయించారు.

మీ డ్రమ్మర్‌నూ చులకన చేయకండి. రమోన్స్ 1974 నుంచి 1996 దాకా దాదాపు ఒకే బాణీ పట్టుకుని నిలిచారు, అదీ గొప్పే. కానీ ఆ బాణీలోనూ 1960ల నాటి అమ్మాయిల బృందాల పాటలు నిండుగా ఉన్నాయి. 1980 ఆల్బమ్‌కు, అలాంటి అమ్మాయిల బృందమే అయిన రోనెట్స్‌తో పాడించిన నిర్మాత ఫిల్ స్పెక్టర్‌నే పిలిపించుకున్నారు. ఈ సంగతి మీ డ్రమ్మర్‌కు చెప్పి చూడండి.

ప్రశ్న: మా పాప ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకుంది. ఇప్పుడు రాక్ బ్యాండ్‌లో పాడతానంటా ఉంది. గమకం, గొంతు పాడైపోవా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: గమకం ఎక్కడికీ పోదమ్మా. బెంగళూరు బ్యాండ్ అగమ్ త్యాగరాజ కీర్తనలనే ఎలక్ట్రిక్ గిటార్ల మధ్య పాడుతోంది. పాపతో కలిసి ఒకసారి వినండి.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. డిస్టార్షన్ పెడల్ తొక్కితే గిటార్ మోత బరకగా మారుతుంది. అప్పుడు మూడు స్వరాల కార్డ్ వాయిస్తే స్వరాలు ఒకదాన్నొకటి గుద్దుకుని రొద అవుతుంది. అందుకే పంక్ గిటారిస్టులు గాంధారం వదిలేసి సా, పా మాత్రమే పడతారు. అదే పవర్ కార్డ్. తంబురాలో మనం మీటేదీ ఆ సా, పాలే కదా! గాంధారం సాధారణమో అంతరమో గిటార్ తేల్చదు, ఆ చోటు మీ పాపది. దాని మీద ఖరహరప్రియ పాడినా నిలుస్తుంది, శంకరాభరణం పాడినా నిలుస్తుంది. కార్డులు గబగబా మార్చేస్తే మాత్రం షడ్జమం జారినట్టనిపించి రాగం తప్పుతుంది. ఒక కార్డ్ మీద ఎక్కువసేపు నిలబడమని గిటారిస్టుకు చెప్పమనండి.

గొంతు పాడయ్యేది మోతలో తన పాట తనకే వినబడక అరిచినప్పుడు. పాప వైపు తిప్పిన మానిటర్ స్పీకర్ లేకుండా స్టేజీ ఎక్కనివ్వకండి.

ప్రశ్న: తెలుగులో రాస్తే సినిమా పాట మాదిరి అయిపోతా ఉంది. ఇంగ్లిష్‌లోనే రాయాల్నా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: వద్దు. మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి. ‘యాడికి పోతా ఉండావు’ అని కసిరే అమ్మ మాటలో కావలసినంత లయ ఉంది. అలాంటి ఇంటి మాటలోనే రాసిన నామిని కథలు పైకి చదవండి. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ రెగే నడకలో తెలుగు ఎలా కూర్చుందో వినండి.

ప్రశ్న: మా గంగమ్మ జాతరలో పలక కొట్టే అన్నను మా పాటలోకి పిలిచినాము. డ్రమ్స్‌తో కలవడం లేదు.
– బ్యాండ్ సభ్యుడు, పుంగనూరు

జవాబు: పిలిచినందుకు చాలా సంతోషం. తప్పు ఆయనది కాదు. మీ పాట నాలుగు దెబ్బల నడకలో ఉండి, ఆయన చేతికి మూడు దెబ్బల తిశ్రం అలవాటై ఉంటుంది. ముందు ఆయన్ను ఒంటరిగా కొట్టమనండి. ఆ నడకకు పాట కట్టండి, కట్టిన పాటకు ఆయన్ను వంచకండి. పలక, స్నేర్ డ్రమ్ రెండూ పదునుగా మోగేవే, ఒకేసారి కొడితే ఏదీ వినబడదు. పలక మోగినంతసేపూ మీ డ్రమ్మర్ కాలి డ్రమ్‌తో సరిపెట్టుకోవాలి. పలకను మంట దగ్గర కాచి బిగువు తెచ్చుకోవాలి కాబట్టి, పాటకూ పాటకూ మధ్య ఆయనకు సమయం ఇవ్వండి.

పలక అన్నను పిలవడంలో కులం సంగతీ ఉంది. 2018 జనవరిలో చెన్నైలో తొలి కచేరీ చేసిన ది కాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం అక్కడి గానా పాటలు, రాప్, రాక్ కలిపి కులవివక్ష మీద సూటిగా పాడింది. వాళ్లను వినకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. పోస్టర్ మీద గిటారిస్టు పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తే పలక అన్న పేరూ అంత పెద్దగానే వేయండి, వచ్చిన డబ్బులో సమాన వాటా ఇవ్వండి. రిహార్సల్‌కు పిలిచిన రోజు ఆయన పని మానుకుని వస్తాడు, ఆ రోజు కూలి కూడా మీరే ఇవ్వాలి.