దూరపు డిస్కులోని మన ఫైలు
(బి.బి.సి. మైక్రో, ఎకోనెట్‌లను గూర్చి ఒక పాఠము)

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి నగరమున ఎకార్న్ అను సంస్థ 1981 డిసెంబరులో బి.బి.సి. మైక్రో అను కంప్యూటరును విడుదల చేసినది. ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పుటకై బి.బి.సి. ప్రసార సంస్థ చేపట్టిన పథకములో అది భాగము. మన దేశములో 1984-85లో పాఠశాలలకై ప్రారంభమైన 'క్లాస్' పథకమున పిల్లల ముందుకు వచ్చినదియు ఈ యంత్రమే. నేడది పాత వస్తువు; అయినను ఔత్సాహికులు కొందరు దానిని ఇంకను నడుపుచున్నారు. దూరముననున్న ఫైల్ సర్వరును ఒక చిన్న యంత్రము ఎట్లు చేరునో తెలిసికొనుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము మాకు తోచలేదు. నేటి యంత్రములు ఈ పనినంతయు తెర వెనుకనే ముగించివేయును. ఇది ఒక్కొక్క మెట్టును మనచేతనే ఎక్కించును.

ఆనాటి చిక్కు ఇది. యంత్రమునకు 32 కిలోబైట్ల జ్ఞాపకము మాత్రమే ఉన్నది. విద్యుత్తు ఆపిన వెంటనే వ్రాసినదంతయు పోవును. దాచుకొనుటకు టేపు క్యాసెట్టు ఒక మార్గము. కాని 20 కిలోబైట్ల ప్రోగ్రామును క్యాసెట్టు నుండి ఎక్కించుటకు మూడు నిమిషములకు పైగా పట్టును. డిస్కు డ్రైవు వేగముగా పనిచేయును గాని, తరగతిలోని ప్రతి యంత్రమునకు ఒకటి కొనుట ఏ పాఠశాలకు సాధ్యము? అందుచేత ఎకార్న్ వారు ఎకోనెట్ అను అల్లికను కల్పించిరి. ఒక్క యంత్రమునకు డిస్కు అమర్చి, తక్కిన వాటిని తీగతో దానికి కలుపుదురు. ఊరికొక బావి, ఎవరి చేద వారిది. ఆ బావి వంటి యంత్రమే ఫైల్ సర్వరు.

తీగ కలిపినంత మాత్రమున పని జరుగదు. మొదట ప్రతి యంత్రమునకు ఒక సంఖ్య ఉండవలెను. దీనిని స్టేషన్ సంఖ్య అందురు. బి.బి.సి. మైక్రోలో దీనిని నిర్ణయించునవి పలకమీది ఎనిమిది చిన్న లింకులు. వాటి విలువలు వరుసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128. స్టేషన్ 21 కావలెనన్న 16, 4, 1 కలిసిన చాలును. 1 నుండి 254 వరకు సంఖ్యలు వాడవచ్చును. 255 అందరినీ ఒకేసారి పిలుచుటకు ప్రత్యేకింపబడినది. ఫైల్ సర్వరుకు వాడుకగా 254 ఇచ్చెదరు. రెండు యంత్రములకు ఒకే సంఖ్య ఇచ్చుట కూడదు. ఏల కూడదో ముందు తెలియును.

రెండవది కాలము. ఎకోనెట్ తీగలో ఒక జత సమాచారమును, మరొక జత గడియారపు స్పందనలను మోయును. ఈ స్పందనలను ఇచ్చు చిన్న పెట్టె వేరుగా ఉండును. తీగ పొడవు పెరిగినకొలది దాని వేగమును తగ్గించవలెను. తీగ రెండు కొసలలోను టెర్మినేటర్లు బిగించవలెను. లేనిచో సంకేతము కొసకు తగిలి ప్రతిధ్వని వలె వెనుకకు వచ్చి మాటను చెరుపును. ఎన్ మీటను పట్టుకొని బ్రేక్ మీటను నొక్కినచో యంత్రము ఎకోనెట్‌ను ఎన్నుకొని తన స్టేషన్ సంఖ్యను తెరపై చూపును. దాని ప్రక్కన 'నో క్లాక్' అని కనిపించినచో ప్రోగ్రామును తప్పు పట్టవలదు. గడియారపు పెట్టెను, తీగను చూడవలెను.

యంత్రములు మాటలాడుకొను తీరు వీధిలో మనుష్యులు పిలుచుకొనునట్లే యుండును. "ఓయీ, నీతో పని ఉన్నది" అని ఒకటి పిలుచును. "ఆఁ, చెప్పు" అని రెండవది పలుకును. అప్పుడు అసలు మాట. చివర "అందినది". ఈ నాలుగును పూర్తియైననే ఒక వర్తమానము చేరినట్లు. మొదటి పిలుపునకు పలికువారు లేకున్న 'నాట్ లిజనింగ్' అను మాట తెరపై వచ్చును. 'నో రిప్లై' వేరు: పిలుపు అందినది, తరువాతి జవాబు మాత్రము రాలేదు. మొదటిది వచ్చినచో సర్వరు నడుచుచున్నదా, సంఖ్య సరియైనదా అని చూడవలెను. సర్వరు సంఖ్య 254 కానిచో 'స్టార్ ఎఫ్.ఎస్.' అను ఆజ్ఞతో సరియైన సంఖ్యను తెలుపవలెను.

మేము భాషాధ్యాపకులము గనుక, ఇక్కడి నుండి మాకు మరింత ఆసక్తి. సర్వరులో ప్రవేశించు ఆజ్ఞ 'స్టార్ ఐ యామ్'. దాని వెనుక మన పేరు, సంకేతపదము. యంత్రమునకిచ్చు ఆజ్ఞలలో ఉత్తమ పురుషలో నిలిచిన వాక్యము ఇట్లు మరొకటి మాకు కనబడలేదు. ప్రవేశింపకయే ఫైలును అడిగినచో సర్వరు 'హూ ఆర్ యూ' అని ప్రశ్నించును. మా ఉర్దూ మిత్రులు దీనిని 'ఆప్ కౌన్?' అని చదువుకొని నవ్వుకొనవచ్చును. ప్రశ్న మాత్రము న్యాయమైనదే. సంకేతపదమును పేరు ప్రక్కనే టైపు చేసినచో వెనుక నిలిచినవారు చదువుదురు. పేరు తరువాత కోలన్ గుర్తు పెట్టి రిటర్న్ నొక్కినచో యంత్రము సంకేతపదమును వేరుగా అడిగి, దానిని తెరపై చూపదు. 'స్టార్ పాస్' ఆజ్ఞతో పాత పదమును మార్చుకొనవచ్చును.

ప్రవేశించిన పిమ్మట మన డైరెక్టరీ మనకు లభించును. 'స్టార్ క్యాట్' అన్న జాబితా వచ్చును. సేవ్, లోడ్ అను బేసిక్ మాటలు డిస్కు తన యంత్రములోనే ఉన్నట్లు పనిచేయును. 'స్టార్ యాక్సెస్' అను ఆజ్ఞలో ఒక గీత ఉన్నది: గీతకు ఎడమ ప్రక్క యజమాని హక్కులు, కుడి ప్రక్క ఇతరుల హక్కులు. ఎడమ డబ్ల్యూ, ఆర్. కుడి ఆర్ మాత్రము వ్రాసినచో మనము వ్రాయవచ్చును, చదువవచ్చును. తోటివారు చదువుట మాత్రమే. ఎల్ అక్షరము చేర్చిన ఆ ఫైలును పొరపాటున చెరుపుటకు వీలుండదు. గ్రంథాలయపు పుస్తకమును, సొంత నోటుపుస్తకమును ఒకే బీరువాలో ఉంచి వేరు వేరు తాళములు వేసినట్లు ఈ ఒక్క గీత పనిచేయును.

అయితే ఈ తాళము ఎంత గట్టిది? ఫైల్ సర్వరు మనిషిని గుర్తుంచుకొనుట స్టేషన్ సంఖ్య ద్వారానే. 21వ స్టేషన్ నుండి ఒకరు ప్రవేశించిరి గనుక ఆ సంఖ్యతో వచ్చు ప్రతి కోరికయు వారిదే యని అది నమ్మును. అదే సంఖ్య పెట్టుకొన్న మరొక యంత్రము వారి హక్కులను అనుభవింపగలదు. అంతేకాక సంకేతపదము తీగలో దాపరికము లేక ప్రయాణించును. తీగను వినునట్టి ప్రోగ్రాములు ఆనాడే ఉండెడివి. ఒకే గదిలో, ఉపాధ్యాయుని కనుసన్నలలో పనిచేయుటకు ఈ ఏర్పాటు చాలినదే. పరీక్ష మార్కులు ఉంచుటకు ఏనాడును తగదు.

నేడు ఈ మాట మరింత ముఖ్యము. నాటి ఎకార్న్ సంస్థ ఇప్పుడు లేదు. కాని రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరును ఎకోనెట్ తీగకు కలిపి, దానినే ఫైల్ సర్వరుగా వాడు విధానమును ఔత్సాహికులు రూపొందించినారు. (దాని ప్రాసెసరు ఏ.ఆర్.ఎం. జాతిది, ఆ జాతి 1985లో ఎకార్న్‌లోనే పుట్టినది. మనుమడు తాతకు నీళ్లు తోడి ఇచ్చుచున్నాడనవచ్చును.) ఎకోనెట్ వర్తమానములను ఇంటర్నెట్ పద్ధతిలో, యు.డి.పి. 32768వ పోర్టు ద్వారా పంపు మార్గము ఎకార్న్ వారే కల్పించినది. దీనిచే మరొక ఊరిలోని సర్వరును సయితము చేరవచ్చును. కాని ఆ పోర్టును లోకమునకంతకు తెరచి ఉంచరాదు. రెండు చోట్ల మధ్య వి.పి.ఎన్. వంటి రహస్యమార్గము వేసి, దానిలో నుండియే పంపవలెను. ఇతరచోట్ల వాడు సంకేతపదమును ఇక్కడ వాడరాదు.

పని ముగిసిన తరువాత 'స్టార్ బై' అనవలెను. అది అనక లేచిపోయినచో, సర్వరు దృష్టిలో మనమింకను ఆ కుర్చీలోనే ఉన్నాము. తరువాత కూర్చున్నవారి చేతికి మన డైరెక్టరీ, మన హక్కులతో సహా, దొరకును.