1,100 కోట్ల కారు: క్లాసిక్ కార్ల వేలంలో ధర ఎలా పుడుతుంది?

కొత్త ఫోన్ బాక్స్ ఓపెన్ చేయగానే దాని రీసేల్ వాల్యూ పడిపోతుందని మనందరికీ తెలుసు. షోరూమ్ నుంచి బయటికొచ్చిన కారు కథ కూడా అంతే. మరి 1955 నాటి కారు ఒకటి 2022లో 13.5 కోట్ల యూరోలకు, అంటే అప్పటి లెక్కలో సుమారు 1,100 కోట్ల రూపాయలకు ఎలా అమ్ముడుపోయింది? ఈ ఆర్టికల్‌లో ఆ లెక్క స్టెప్ బై స్టెప్ చూద్దాం.

1. అరుదు ఒక్కటే సరిపోదు, కథ కూడా ఉండాలి

ఆ కారు పేరు మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే. ప్రపంచం మొత్తంలో తయారైనవి రెండే రెండు. రేసుల కోసం కట్టారు గానీ, 1955 చివర్లో కంపెనీ రేసింగ్ నుంచి తప్పుకోవడంతో అవి పోటీల్లో దిగనే లేదు. డిజైన్ చేసిన ఇంజినీర్ రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ ఒక కారును తన ఆఫీసు కారులా రోడ్డు మీద తిప్పేవారు. 2022 మే 5న స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియంలో, పిలిచినవాళ్ల మధ్యే ఆర్ఎమ్ సోథెబీస్ వేలం నడిపింది. ఆ డబ్బు స్కాలర్‌షిప్ ఫండ్‌కి వెళ్లింది.

మన గ్యాడ్జెట్లలోనూ ఇదే లాజిక్ పనిచేస్తుంది. 2007 నాటి మొదటి ఐఫోన్‌లో 4 జీబీ మోడల్‌ను యాపిల్ రెండు నెలలకే ఆపేసింది. 499 డాలర్ల ఆ ఫోన్ సీల్ తీయని పీస్ ఒకటి 2023 జులై వేలంలో 1,90,373 డాలర్లు పలికింది. అప్పట్లో ఎక్కువమంది వద్దనుకున్న మోడలే ఇప్పుడు దొరకని మోడల్ అయింది.

2. హెడ్‌లైన్ ధర, సుత్తి ధర ఒకటి కాదు

2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో 1962 ఫెరారీ 250 జీటీఓ 4,84,05,000 డాలర్లకు అమ్ముడైంది. అమ్మింది ఎవరో తెలుసా? మైక్రోసాఫ్ట్ తొలితరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఒకరైన గ్రెగ్ విటెన్. అయితే వేలం నిర్వాహకుడు సుత్తి కొట్టింది 4,40,00,000 దగ్గర. మిగతాది బయ్యర్స్ ప్రీమియం, అంటే కొనేవాడు వేలం సంస్థకు ఇచ్చే ఫీజు. లెక్క ఇదిగో:

- మొదటి 2,50,000 డాలర్లపై 12 శాతం: 30,000
- మిగిలిన 4,37,50,000 డాలర్లపై 10 శాతం: 43,75,000
- మొత్తం ఫీజు: 44,05,000 డాలర్లు

న్యూస్‌లో కనిపించేది ఫీజు కలిపిన ధర. కానీ వేలానికి ముందు ఇచ్చే అంచనా ధర మామూలుగా సుత్తి ధరకి సంబంధించింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి "అంచనా దాటేసింది" అంటే లెక్క తప్పినట్టే. 2023 నవంబర్‌లో న్యూయార్క్‌లో మరో జీటీఓ 5,17,05,000 డాలర్లకు పోయింది. రికార్డ్ స్థాయి ధరే, కానీ అంచనా 6 కోట్ల పైన. ఫీజు కలిపినా అంచనా అందలేదన్నమాట.

3. రిజర్వ్ ప్రైస్

అమ్మేవాళ్లు ఇంతకన్నా తక్కువకి ఇవ్వం అని వేలం సంస్థకు ముందే రహస్యంగా ఒక అంకె చెబుతారు. పాట అక్కడికి చేరకపోతే కారు అమ్ముడుపోనట్టే. 2019 మాంటెరే వేలంలో 1939 పోర్షే టైప్ 64కి జరిగింది చూడండి. వేదిక మీద 13 మిలియన్లు అంటే స్క్రీన్ మీద 30 మిలియన్లు అని పడింది. అలా పెరుగుతూ 70 దాకా వెళ్లింది. జనం కేకలు, చప్పట్లు. అప్పుడు తేలింది, నిజమైన పాట 17 మిలియన్లే అని. ఇంగ్లిష్‌లో థర్టీన్‌కి థర్టీకి, సెవెంటీన్‌కి సెవెంటీకి తేడా వినపడలేదు. చివరికి కారు అమ్ముడుపోలేదు. డిస్‌ప్లేలో కనిపించే డేటాని వెరిఫై చేసే స్టెప్ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

4. నంబర్లు కలవాలి

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు ఐఎమ్ఈఐ, బాక్స్, బిల్లు, ఒరిజినల్ డిస్‌ప్లే చూస్తాం కదా. కార్ల ప్రపంచంలో దీన్నే మ్యాచింగ్ నంబర్స్ అంటారు. ఫ్యాక్టరీ రికార్డులో ఉన్న ఇంజిన్, ఛాసిస్ నంబర్లే కారు మీదా ఉండాలి. దాంతోపాటు ఎవరి చేతుల నుంచి ఎవరికి వచ్చిందో ఆధారాలు కావాలి. వీటిలో ఏది తేడా వచ్చినా ధర బాగా పడిపోతుంది.

మెరిసేలా పెయింట్ వేయిస్తే విలువ పెరుగుతుందనుకోవద్దు. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ వేలంలో, ఫ్రాన్స్‌లోని ఒక షెడ్డులో పాత మ్యాగజైన్ల కుప్ప కింద దశాబ్దాలు పడి ఉన్న 1961 ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ దాదాపు 1.63 కోట్ల యూరోలు పలికింది. ఆ దుమ్ముతో సహా! ఎందుకంటే రీస్టోర్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు, పోయిన ఒరిజినల్ మళ్లీ రాదు.

5. మనకేంటి ఉపయోగం?

"పాత బండి కొనిపెట్టు, బంగారంలా పెరుగుతుంది" అనే రీల్స్ ఇప్పుడు చాలా తిరుగుతున్నాయి. అవి చూపించేది గెలిచిన కార్లనే. ఇన్సూరెన్స్, పార్కింగ్, స్పేర్ పార్ట్స్, ఏళ్ల తరబడి మెయింటెనెన్స్, అమ్మేటప్పుడు కమీషన్ ఆ లెక్కలో ఉండవు.

మన దేశంలో ఇంకో విషయం ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికే వింటేజ్ గుర్తింపు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, నంబర్ ప్లేట్‌లో వీఏ అక్షరాలు వస్తాయి. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడం కుదరదు. మన కుర్రాళ్లు మోజుపడే రాజ్‌దూత్ 350 మార్కెట్లోకి వచ్చింది 1983లో. అంటే మొదటి బ్యాచ్ బండికి కూడా ఆ అర్హత 2033లోనే.

కాబట్టి పాత బండి మీద నిజంగా ఇష్టం ఉంటే కొనండి, తప్పులేదు. కానీ అడ్వాన్స్ ఇచ్చే ముందు టార్చ్ లైట్ వేసి ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ చదివి, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. కోట్ల ఫెరారీకైనా, మీ వీధి చివర అమ్మకానికి పెట్టిన రాజ్‌దూత్‌కైనా మొదటి టెస్ట్ అదే.