నీరసం రెండు వారాలైనా తగ్గలేదా? నోట్‌బుక్ తీయండి

"ఏం లేదన్నా, జర నీరసం." ఇక్కడ యూఏఈలో క్యాంపుకు పోయి ఎట్లున్నవ్ తమ్మీ అని అడిగితే నాకు ఎక్కువగా దొరికే జవాబు ఇదే. రెండు రోజుల నీరసమైతే నిద్రతో పోతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే బద్ధకమనో, ఇంటి మీద బెంగనో కొట్టిపారేయొద్దు.

నేను డాక్టర్ని కాదు, బీకాం చదివినవాణ్ణి. నాకు తెలిసింది లెక్క రాయడం. మీరూ ఒక వారం రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఎన్ని సీసాల నీళ్లు తాగారు, మూత్రం ఏ రంగులో వచ్చింది, ఏ గోళీ మింగారు. నిజామాబాద్ వైపు తమ్ముడు ఒకాయన ఇలాగే రాశాడు. పొద్దున మూడున్నరకు లేచి బాత్రూం లైన్లో నిలబడాలి. రాత్రి వంట, ఇంటికి వీడియో కాల్ అయ్యేసరికి పదకొండున్నర. నిద్ర 4 గంటలే. ఆ కొరతను ఎనర్జీ డ్రింకులతో పూడుస్తున్నాడు. అదే కాగితంలో ఇంకో సంగతి బయటపడింది. ఆ నాలుగు గంటల్లోనే రెండు మూడు సార్లు మూత్రానికి లేస్తున్నాడు. రక్తపరీక్ష చేస్తే షుగర్! వయసు 31. వచ్చీరాని హిందీలో డాక్టరుకు చెప్పలేనిది ఆ కాగితమే చెప్పింది.

మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలడం లేదన్నమాట. ఒళ్లు నొప్పులకని రోజూ పెయిన్‌కిల్లర్ మింగి ఎండలో పనిచేస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఇళ్లల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లూ, మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం, బహిష్టు ఎక్కువ కావడం ఉంటే రక్తం తక్కువైందేమో పరీక్ష చేయించుకోండి. అన్నం తినగానే టీ తాగితే తిండిలోని ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు, గంట ఆగండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కావచ్చు, దాచొద్దు. ఛాతీనొప్పి వచ్చినా, ఎండలో స్పృహ తప్పినా లెక్కలు పక్కనపెట్టి వెంటనే 998కి ఫోన్ చేయండి, అంబులెన్స్ వస్తుంది.

జీతం పోతుందని డాక్టరు దగ్గరికి పోనివాళ్లే ఎక్కువ. చట్టం వేరేగా ఉంది. కంపెనీ పనివాళ్లకు ప్రొబేషన్ అయ్యాక ఏడాదికి 90 రోజుల వరకు సిక్ లీవు ఉంటుంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం, మిగతాది జీతం లేకుండా. జబ్బు సంగతి 3 పనిదినాల్లోపు కంపెనీకి చెప్పాలి, డాక్టరు రిపోర్టు ఇవ్వాలి. ఇంటిపనివాళ్లకు 30 రోజులు, అందులో 15 జీతంతో. వాళ్లకు రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకబిగిన ఇవ్వాలి. మేడమ్ అర్ధరాత్రి లేపుతుంటే అది కూడా నోట్‌బుక్‌లో రాయండి.

రిపోర్టును ఫోటో తీసి సూపర్‌వైజర్‌కు వాట్సాప్ చేయండి, అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. లీవు ఇవ్వకపోయినా, జీతం కోసినా కార్మిక శాఖ నంబరు 600590000. మన భాషలో మాట్లాడాలంటే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 80046342కి చేసి తెలుగువాళ్లున్నారా అని అడగండి. ఫోన్ చేసేటప్పుడు నోట్‌బుక్ పక్కనే పెట్టుకోండి, తేదీలు అడుగుతారు.