ఆ కుర్చీలోకి ఎక్కడి నుంచి వస్తారు?

హన్మకొండ,
ఆదివారం

చిన్నీ,

మీ పెద్దనాయన మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే, బీపీ మాత్రం అదుపులోనే ఉన్నది. నువ్వు రాత్రి పన్నెండు దాటినా లైటు తీస్తలేవని మీ అమ్మ చెప్పింది. నల్లకోటు వేసుకున్నోళ్లకు నిద్ర వద్దని ఏ చట్టంలో రాసున్నదో నాకు చూపించు. సరే, తిట్టను. మొదటి కేసు కదా, ఆ తండ్లాట నాకు తెలుసు.

మొన్న ఫోన్ల రెండు మాటలు అడిగినవు. పింఛను పెద్దాయన కాగితాలు లోకాయుక్తకు పెడుతున్నం, అక్కడ కూర్చునేదంతా రిటైరైన జడ్జిలే కదా, ఆఫీసుల చుట్టూ తిరిగేటోళ్ల గోస వాళ్లకు తెలుస్తదా అన్నవు. ఆ ఊపులోనే, నేను జడ్జి పరీక్షకు చదవాల్నా, గ్రూప్ వన్ రాయాల్నా, ఏదన్న పేపర్ల చేరాల్నా అన్నవు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలని నువ్వనుకుంటున్నవు. నాకు ఒక్కటే అనిపించింది. ఫోన్ల తెగే ముచ్చట కాదని ఉత్తరం రాస్తున్న. ఓపికగా చదువు, నడుమల వాట్సాప్ చూడకు.

ముందు నీ మొదటి ప్రశ్న. మన లోకాయుక్త చట్టం 1983ది, ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రి అయిన ఏడాది. ఆ కుర్చీలోకి ఎవరు రావాల్నో చట్టమే గీత గీసింది. మొదట్లో లోకాయుక్త అంటే హైకోర్టు జడ్జి కావాలి, లేదంటే రిటైరైన ప్రధాన న్యాయమూర్తి కావాలి. ఉపలోకాయుక్త జిల్లా జడ్జి స్థాయి మనిషి కావాలి. తొలి లోకాయుక్త ఆవుల సాంబశివరావు గారు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్‌గా చేసి ఇక్కడికి వచ్చారు. 2012 నుంచి 2017 దాకా ఉన్న సుభాషణ్ రెడ్డి గారు మద్రాసు, కేరళ హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తిగా, మన మానవ హక్కుల కమిషన్‌కు తొలి చైర్మన్‌గా చేసిన మనిషి. 2019లో రెండు రాష్ట్రాలూ చట్టం సవరించి, రిటైరైన హైకోర్టు జడ్జిలకు కూడా తలుపు తెరిచాయి. అట్ల ఆంధ్రలో లక్ష్మణరెడ్డి గారు, మన దగ్గర సి.వి. రాములు గారు వచ్చారు. 2025 ఏప్రిల్‌లో మన దగ్గర ఎ. రాజశేఖర్ రెడ్డి గారిని వేశారు. ఉపలోకాయుక్త కుర్చీ మగవాళ్లదే అనుకునేవు, ఆంధ్రలో పి. రజని గారు ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఇంతకూ జడ్జిలే ఎందుకు? దీనికి జవాబు నేను పుస్తకంలో చూడలేదు, టేబుల్ దగ్గర చూసిన. నా సర్వీసంతా రెవెన్యూలోనే గడిచింది కదా. సోమవారం ప్రజావాణికి వచ్చే అర్జీలు తీసుకునే పని నాకు చాలాసార్లు పడేది. ముసలమ్మ అర్జీ ఇచ్చి, రశీదు తీసుకొని, కొంగున ముడేసుకొని పోయేది. ఇక పని అయినట్టే అని ఆమె ధీమా. ఆ అర్జీ ఎటు పోతుందో తెలుసా? పై ఆఫీసు నుంచి కింది ఆఫీసుకు, అక్కడి నుంచి ఇంకా కిందికి. ‘విచారించి నివేదిక పంపగలరు’ అని ప్రతి మెట్టు మీదా ఒక లైను చేరుతుంది. చివరికి ఎవరి మీద ఫిర్యాదో ఆయన టేబుల్ మీదికే వచ్చి వాలుతుంది. తన తప్పు మీద తానే నివేదిక రాసుకునే అదృష్టం ఇంకెవరికి దొరుకుతుంది చెప్పు! అందుకే ఆ మెట్లకు బయట ఉన్న మనిషి ఒకరు కావాలి. తాసిల్దారుతో కలిసి పనిచెయ్యని మనిషి, కలెక్టరు బ్యాచ్‌మేటు కాని మనిషి, రేపు మంత్రి దగ్గర పోస్టింగ్ అడగాల్సిన పని లేని మనిషి. జడ్జి బయటివాడు. అదే ఆయన బలం.

అయితే నీ అనుమానం ఉత్తది కాదు బిడ్డా. జడ్జి ఎదుటికి కాగితం వస్తేనే కేసు. రెండు పక్షాల మాట వినడం, సాక్ష్యం తూచడం ఆయన జీవితమంతా చేసిన పని. కానీ ఆఫీసులో జరిగే అన్యాయంలో సగానికి కాగితమే ఉండదు. ‘రేపు రా’ అన్న మాటకు నంబరు పడదు. ఫైలు బీరువాలో ఎందుకు ఆగిందో నోట్‌ఫైల్‌లో ఎవరూ రాయరు. ఆ సంగతి ఆఫీసులో చేసినవాళ్లకు తెలుస్తుంది. పైగా లోకాయుక్త శిక్ష వెయ్యదు, విచారించి ప్రభుత్వానికి సిఫారసు చేస్తుంది. ఆ సిఫారసును పక్కకు పెట్టడానికి ఎన్ని దారులున్నాయో కూడా లోపలివాళ్లకే తెలుసు.

జడ్జిలు వద్దు, ఐఏఎస్‌లే మేలు అని నేను అంటలేను. ఒక్కో చోట ఒక్కో తీరు ఉన్నది, చూడు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చినప్పుడు కమిషనర్లు న్యాయం, సైన్సు, సంఘసేవ, మేనేజ్‌మెంట్, పత్రికారంగం, పరిపాలన, వీటిల్లో దేని నుంచైనా రావచ్చన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తొలి ప్రధాన కమిషనర్ సి.డి. అర్హా గారు ఐఏఎస్. తెలంగాణ వచ్చినంక 2017లో మొదటి ప్రధాన కమిషనర్ రాజా సదారాం గారు శాసనసభ కార్యదర్శిగా చేసిన మనిషి. ఆయనతోపాటు కమిషనరైన బుద్దా మురళి గారు జర్నలిస్టు. 2025లో ప్రధాన కమిషనర్‌గా వచ్చిన చంద్రశేఖర్ రెడ్డి గారిది అటవీ సర్వీసు.

మన వరంగల్ మనిషి సంగతి చెప్తే నీకు ఇంకా బాగా అర్థమవుతుంది. మాడభూషి శ్రీధర్ గారి పేరు వినే ఉంటవు. వాళ్ల నాయన ఎం.ఎస్. ఆచార్య గారు ఇక్కడి నుంచే జనధర్మ పత్రిక నడిపారు. శ్రీధర్ గారు విలేకరిగా చేసి, తర్వాత నల్సార్‌లో న్యాయశాస్త్రం పాఠాలు చెప్పి, 2013 నుంచి 2018 దాకా కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్నారు. ఢిల్లీ యూనివర్సిటీ 1978 బీఏ రిజిస్టరు చూపించమని ఆయన 2016లో ఇచ్చిన ఉత్తర్వు దేశమంతా మోగింది. 2025లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది, అది వేరే ముచ్చట. నేను చెప్పేది ఏందంటే, రిజిస్టరు ఎందుకు చూపించరని అడగడం విలేకరి బుద్ధి, ఏ సెక్షను కింద చూపించాల్నో రాయడం లా మాస్టారు బుద్ధి. కుర్చీ ఎక్కినప్పుడు ఆ రెండూ ఆయన వెంట వచ్చాయి.

ఇంకా దగ్గర కావాల్నా? నక్కలగుట్టకు పో. ఉత్తర తెలంగాణ కరెంటు సంస్థ పెద్దాఫీసు అక్కడే కదా. బిల్లు మీద, మీటరు మీద ఫిర్యాదు ఉంటే ముందు వినియోగదారుల ఫోరమ్ వింటుంది. అందులో కరెంటు పని తెలిసిన ఇంజనీరు, లెక్కలు తెలిసిన ఆఫీసరు ఉంటారు. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ వాళ్లకు ఎవరూ వివరించి చెప్పాల్సిన పని లేదు. కానీ మనది ఆ సంస్థ మీద ఫిర్యాదాయె! అక్కడ న్యాయం దొరకలేదంటే హైదరాబాద్‌లో విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆయన్ను వేసేది సంస్థ కాదు, నియంత్రణ మండలి. మన దగ్గర ఆ పనికి జిల్లా జడ్జిలుగా చేసి దిగినవాళ్లను తెచ్చారు. ముందు పని తెలిసినవాడు, ఆ పైన బయటివాడు. ఈ వరస నాకు నచ్చింది. బ్యాంకుల సంగతి మళ్లీ వేరు. అక్కడ రిజర్వు బ్యాంకు తన ఆఫీసర్నే అంబుడ్స్‌మన్‌గా పెడుతుంది. బీమా వాళ్ల దగ్గర బీమా రంగం నుంచీ రావచ్చు, సివిల్ సర్వీసు నుంచీ రావచ్చు, కోర్టు నుంచీ రావచ్చు. ఢిల్లీ లోక్‌పాల్‌లో సభ్యులు సగం మంది జడ్జిలు, మిగతావాళ్లకు పరిపాలన, విజిలెన్స్, ఆర్థికం వంటి పనుల్లో 25 ఏండ్ల అనుభవం ఉండాలి.

బయటి దేశాల్లోనూ ఇదే తర్జనభర్జన. న్యూజిలాండ్ 1962లో తన మొదటి అంబుడ్స్‌మన్‌గా గై పౌల్స్ అనే ఆయన్ను పెట్టుకున్నది. ఆయన వకీలు, సైనికుడు, రాయబారి. అంతకుముందు మన ఢిల్లీలోనే హైకమిషనర్‌గా ఉన్నాడు. బ్రిటన్ 1967లో ఎడ్మండ్ కాంప్టన్ గారిని తెచ్చుకున్నది, ఆయన సర్కారు లెక్కలు తనిఖీ చేసిన పెద్దాఫీసరు. ఒకరు మనుషులతో మాట్లాడి మాట్లాడి వచ్చినవాడు, ఇంకొకరు ఖాతాలు చూసి చూసి వచ్చినవాడు.

ఇంత చెప్పి ఒక చేదు మాట కూడా చెప్పాలె. మంచి నేపథ్యం ఉన్నంత మాత్రాన కుర్చీ నిలబడదు. పక్కనున్న కర్ణాటక చూడు. సంతోష్ హెగ్డే గారు వకీలు పని నుంచి నేరుగా సుప్రీంకోర్టు జడ్జి అయిన మనిషి, అక్కడ లోకాయుక్తగా 2011లో అక్రమ గనుల మీద ఇచ్చిన నివేదికతో ముఖ్యమంత్రి యడియూరప్పే దిగిపోవాల్సి వచ్చింది. అదే కుర్చీలోకి తర్వాత వచ్చిన భాస్కరరావు గారు అదే రాష్ట్రానికి ప్రధాన న్యాయమూర్తిగా చేశారు. కొడుకు మీద వసూళ్ల ఆరోపణలు వచ్చి, ఆ కొడుకు అరెస్టయినంక, 2015 డిసెంబరులో రాజీనామా చేశారు. ఇద్దరిదీ పెద్ద బెంచీయే. చట్టం ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతుంది, వెంట ఎవరు వచ్చారని అడగదు. అది మనమే అడగాలి. రేపు నీకొక చిన్న హోదా వచ్చినా సరే, నీ పేరు చెప్పి ఎవరన్నా ఫోన్ చేస్తున్నారా అని చెవి వేసి ఉంచు. మన ఇంటోళ్లయినా సరే. నేనైనా సరే.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. ఏ చదువు చదవాల్నో నేను చెప్పను, అది నీ ఇష్టం. కానీ ఒక లెక్క చూసుకో. ఈ కుర్చీలు చాలామటుకు అరవై దాటినంకే వస్తాయి. ఆ వయసులో కొత్తగా నేర్చేది ఎంత బిడ్డా? ఆరోజు వెంట వచ్చేది ఇరవైల్లో, ముప్పైల్లో ఒంటికి పట్టిందే. ప్రతి కొలువూ ఒక కన్ను ఇస్తుంది, ఇంకో వైపు చూడకుండా అలవాటు చేస్తుంది. జడ్జికి కాగితం అలవాటు, ఆఫీసరుకు తన ఆఫీసు మీద జాలి అలవాటు, విలేకరికి తొందర అలవాటు, ఇంజనీరుకు యంత్రం మాటే నిజమని నమ్మే అలవాటు. ఏ చట్టమూ దీన్ని సరిచెయ్యలేదు. వయసులో ఉన్నప్పుడు మనిషే సరిచేసుకోవాలె. నువ్వు ఏ కొలువు ఎంచుకున్నా, ఆ కొలువు నిన్ను తీసుకపోని చోటికి నీ అంతట నువ్వు పోవాలె. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

జడ్జి కావాల్నంటే, మూడేండ్ల ప్రాక్టీసు ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది కదా. అశోక్‌నగర్ కోచింగ్‌లో కూర్చొని ఆ మూడేండ్లు కాగితం మీద నింపుకోకు. నెలకొక సోమవారం ఏదో ఒక కలెక్టరేట్‌కు పోయి ప్రజావాణి లైన్ల నిలబడు. నీ పని ఉండాల్సిన అవసరం లేదు. అర్జీ రాయరాని వాళ్లు ఉంటారు, రాసిపెట్టు. ఫిర్యాదు మాట వాళ్ల నోట వచ్చేసరికి ఎన్ని సంగతులు ముందు చెప్తారో విను. అవన్నీ కేసుకు పనికిరానివని నీ సీనియర్ అంటాడు. అసలు సంగతి తరచుగా అందులోనే ఉంటుంది. గ్రూప్ వన్ రాస్తే, ఉద్యోగంలో చేరినంక ఒక కోర్టులో కూర్చొని, నీలాంటి ఆఫీసరును వకీలు ఎట్ల నిలదీస్తాడో చూడు. పేపర్ల చేరితే ఒక్క ఫైలు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవడం నేర్చుకో, శీర్షిక తర్వాత పెట్టొచ్చు.

కోప్పడ్డననుకోకు. ఆ పెద్దాయన గోస వాళ్లకు తెలుస్తదా అని అడిగినవే, ఆ ఒక్క మాటకు నాకెంత సంతోషమైందో! చాలామంది నల్లకోట్లు ఫీజు సంగతి అడుగుతారు. నువ్వు గోస సంగతి అడిగినవు. ఆ జడ్జి గారికి గోస తెలియకపోతే తెలిసేటట్టు రాయడమే నీ పని. ‘వేధిస్తున్నారు, న్యాయం చెయ్యాలి’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఏ ఆఫీసరు, ఏ తారీఖున, ఏ కాగితం అడిగాడు, ఇచ్చినంక ఏమన్నాడు, రశీదు ఉన్నదా లేదా, లేకపోతే ఎందుకు లేదు, ఇవి వరసగా రాయి. ‘రేపు రా’ అన్న రోజులన్నీ పెద్దాయన్ను అడిగి గుర్తుచేయించు, బస్సు టిక్కెట్లు దాచుకొని ఉంటాడేమో కూడా అడుగు, ఆ వయసువాళ్లు దాచుకుంటారు. అఫిడవిట్ మర్చిపోకు, అది లేని ఫిర్యాదు ముందుకు కదలదు.

డ్రాఫ్టు రాసినంక బషీర్‌బాగ్‌ల ఉన్న లోకాయుక్త ఆఫీసుకు పరుగెత్తకుండా ముందు నాకు ఫొటో తీసి పంపు. పేరు, తారీఖు, కాగితం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఎర్ర పెన్నుతో గీకి తిప్పి పంపుతా, అప్పుడు అలగొద్దు. వేళకు తిను. పదకొండుకల్లా లైటు తియ్యి.

ప్రేమతో,
నీ పెద్దమ్మ